శాంటోరినీ మెట్లకు ఉదయగిరిలో రిహార్సలు

గురువారం తెల్లవారుజామున ఐదు గంటల నలభై నిమిషాలకు మేం ముగ్గురం ఆత్మకూరు బస్టాండులో నిలబడి ఉన్నాం. సెప్టెంబరులో మేం వెళ్ళాల్సింది గ్రీసు దేశంలోని శాంటోరినీ ద్వీపానికి. ఆ రోజు ఎక్కబోయేది ఉదయగిరి బస్సు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో ముందు చెప్పాలి.

మా చెల్లెలు కాంతమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. వరికుంటపాడు దగ్గర సేద్యం. రెండేళ్ళ కిందట గుండె జబ్బుతో నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు పడుకుంది. ఆమె మంచానికి ఎదురుగా గోడమీద ఒక క్యాలెండరు ఉండేది. నెల మారినా ఎవరూ కాగితం తిప్పలేదు. ఆ బొమ్మలో సముద్రం, ఒడ్డున నిటారు కొండ, కొండ మీద సున్నం కొట్టినట్టు తెల్లని కట్టడాలు, నీలం గోపురాలు, నీటి దగ్గరనుంచి పైదాకా మెట్లు. కాంతమ్మ దాన్ని ఏదో క్షేత్రం అనుకుంది. లేచి నడవగలిగితే ఆ మెట్లు తన కాళ్ళతో ఎక్కుతానని మొక్కుకుంది. ఇరవయ్యో రోజు లేచి నడిచింది.

కింద అచ్చువేసిన పేరు చదివి, అది క్షేత్రం కాదు, జనం సెలవులకు పోయి ఫొటోలు తీసుకునే దీవి అని చెప్పింది నేనే. "మొక్కు మొక్కే అక్కా. నేనేమన్నా పేరు చదివి మొక్కినానా" అంది.

ఆత్మకూరులో ట్రావెల్ ఆఫీసు నడిపే ఆయన మా ప్రయాణం వేసి ఇచ్చాడు. చెన్నైలో విమానం, గల్ఫులో మార్పు, ఏథెన్సులో ఒక రాత్రి, అక్కడినుంచి ఓడ, దీవిలో ఆరు రాత్రులు. పాత రేవునుంచి ఊళ్ళోకి ఐదువందల ఎనభై ఎనిమిది మెట్లు. ప్రతి మెట్టుకూ అంకె వేసి ఉంటుందని ఆయన ఫోనులో బొమ్మ చూపించాడు. ఎక్కలేనివాళ్ళకు తీగల మీద పోయే పెట్టె బండి ఉంది, మూడు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. కాంతమ్మ ఆ బండి మాట ఎత్తనివ్వలేదు. డాక్టరు మాత్రం వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు ఇచ్చి, తొంభైకి కిందికి దిగితే ఆగిపోవాలని, ఆగకపోతే తన పూచీ లేదని చెప్పాడు.

అందుకే ఈ రిహార్సలు. ఉదయగిరి కొండకూ రాతి మెట్లున్నాయి. అక్కడ ఐదువందల ఎనభై ఎనిమిది లెక్కపెట్టి ఎక్కి చూద్దామన్నాను. మా ఇద్దరి ఉద్దేశాలు వేరు. ఎక్కి చూపించి నా నోరు మూయించాలని ఆమె. మధ్యలో ఆగిపోతే బండికి ఒప్పుకుంటుందని నేను. ఒప్పుకోకపోతే దీవి ప్రయాణం రద్దు చేయాలని మనసులో నిశ్చయించుకున్నాను. ఆ మెట్ల మీద ఆమె పడిపోతే పరాయి దేశంలో నేను చేయగలిగింది ఏమీ లేదు.

మూడో మనిషి మస్తానమ్మ. మర్రిపాడు వైపు గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. నేను లెక్కలు చెప్పిన బడిలో ముప్ఫై ఏళ్ళు అటెండరుగా పనిచేసింది. దీవి మాట వినగానే "పదహారు గొర్రెలు అమ్మి నేనూ వస్తా టీచరమ్మా" అంది. అమ్మింది కూడా.

బస్టాండులో ఆమె ముందు చేసిన పని, వంగి ఒక రాయి ఏరుకోవడం. కోడిగుడ్డు కంటె కాస్త పెద్దది, నల్లనిది, ఒక పక్క తెల్లని చార. ముగ్గురు కలిసి ఒక పనికి బయల్దేరకూడదని మా వైపు నమ్మకం. తప్పనిసరైతే ఒక రాయిని నాలుగో మనిషిగా వెంట తీసుకుపోతారు. పని అయిన చోట దాన్ని దించేసి వస్తారు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా రాయికి టికెట్టు లేదు కాబట్టి ఊరుకున్నాను.

కాంతమ్మ నవ్వింది. "ఈమె పేరేంది మస్తానమ్మా?"

"పేరు పెట్టబాకండి. పేరు పెడితే పిలిచినట్టే."

"సరేలే. ఆమె అందాం."

అప్పటినుంచి ఇద్దరూ దాన్ని 'ఆమె' అనే అన్నారు.

బస్సు ఐదు గంటల యాభై ఐదుకు కదిలింది. ఆడవాళ్ళకు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు, అది దిగేదాకా పారేయకూడదు. మేం ముగ్గురం మూడు సీట్ల బెంచీ మీద కూర్చున్నాం. రాయి ఉన్న సంచీని మస్తానమ్మ వెనక సీట్లో, కిటికీ పక్కన పెట్టింది. నేలమీద పెట్టకూడదట. కండక్టరు మూడు కార్డులు చూసి నాలుగు టికెట్లు చేతిలో పెట్టాడు.

"మూడే బాబూ" అన్నాను.

అతను మా వెనక సీటు చూశాడు. మళ్ళీ చూశాడు. "మీతోబాటు ఇంకొకామె ఎక్కలా? చీర కొంగు తలమీద కప్పుకోని" అన్నాడు. తర్వాత తనే నవ్వి, "సంచీని చూసి మనిషనుకున్నా. పొద్దన్నే కళ్ళు ఆనవు" అని ఒక టికెట్టు వెనక్కి తీసుకున్నాడు.

నేను దాన్ని అతని పొరపాటుగానే రాసుకున్నాను. ప్రయాణాల్లో నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. టైము ఎడమవైపు, సంగతి కుడివైపు.

తెల్లారేసరికి మర్రిపాడు వైపు మెరక నేలలు వచ్చాయి. కంది కోసేసిన చేలు, తుమ్మ చెట్లు, బద్వేలు వైపు పోయే లారీలు. ఏడు గంటల నలభైకి ఉదయగిరిలో దిగాం. కొండ ఊరి మీదికి ఒరిగినట్టే ఉంటుంది, ఏ వీధిలో నిలబడినా కనబడుతుంది. బస్టాండు దగ్గర టిఫిను అంగడికి పోయి ఇడ్లీ చెప్పాం. నేను వేలు చూపించి మూడు ప్లేట్లన్నాను. అంగడి పెద్దాయన నాలుగు తెచ్చిపెట్టాడు.

"నాలుగోది ఎవరికి?"

"ఆ నాలుగో ఆమె చేతులు కడుక్కోను పోయిందేమో అనుకుంటిని" అన్నాడు. "ఈడ బస్సు దిగినప్పుడు చూసినా గదమ్మా, నలుగురు దిగినారు."

"ముగ్గురమే."

ఆయన ఆ ప్లేటు తీసుకుని లోపలికి పోతూ ఒకసారి మా వెనక్కి చూశాడు. కాంతమ్మ నవ్వుదామని మస్తానమ్మ వైపు తిరిగింది గాని, మస్తానమ్మ నవ్వలేదు. సంచీలోంచి రాయి తీసి నడుం దగ్గర చీర మడతలో దోపుకుంది.

ఎనిమిదీ ఇరవైకి మెట్లు మొదలుపెట్టాం. నా పద్ధతి ఇది. నేను పైకి లెక్కపెట్టను, మనసులోనే. వంద కాగానే మెట్టు కుడి అంచున సుద్దముక్కతో అంకె వేస్తాను. అక్కడ కూర్చుని కాంతమ్మ వేలికి మీటరు పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, లేస్తాం. సుద్దముక్క కొత్తది, నా చేతిసంచీలో ఉంది.

వంద దగ్గర టైము ఎనిమిదీ నలభై నాలుగు, మీటరు తొంభై ఆరు. రెండు వందల దగ్గర తొమ్మిదీ పన్నెండు, మీటరు తొంభై ఐదు. మెట్లు ఎగుడుదిగుడు. కొన్ని చోట్ల రాయి జరిగి మోకాలెత్తు ఉన్నాయి. రెండువందల యాభై దాటాక ఊరి చప్పుడు ఆగిపోయింది. కొంచెంకొంచెంగా తగ్గడం కాదు, తలుపు వేసినట్టు ఆగింది. ఎండ ఉంది, గాలి లేదు. పిట్ట కూడా అరవలేదు.

మూడువందల పది దగ్గర ఒక మేకలాయన పైనుంచి దిగుతూ ఎదురయ్యాడు. మేకలు మమ్మల్ని దాటాయి గాని మస్తానమ్మ దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలి, ఆమెకు అటూ ఇటూ మూడేసి అడుగులు ఎడం ఇచ్చి పోయాయి. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అది చూసి ఆమె ముఖం మారింది.

మేకలాయన నిలబడి, "మీ మనిషి ముందు పోతా ఉండాది. పిలవండి, పైన మెట్లు బాగలేవు" అన్నాడు.

"మా మనిషి ఎవరు?" అన్నాను.

"ఏమో నాకేం తెలుసు. నీళ్ళు కావాల్నా అని అడిగితే పలకలా. తలకాయ వంచుకోని ఏందో లెక్కపెట్టుకుంటా పోతా ఉండాది." నా చేతిలో సుద్దముక్క చూశాడు. "మీ మాదిరే" అని, మేకల వెనక దిగిపోయాడు.

ఈ మాట నోటు పుస్తకంలో ఆయన అన్నది అన్నట్టే రాశాను. టైము తొమ్మిదీ నలభై ఆరు.

"దిగిపోదాం టీచరమ్మా" అంది మస్తానమ్మ.

"నేను దిగను" అంది కాంతమ్మ. "ఎవరో భక్తురాలు పోతా ఉంటే నీకేంది భయం. పోనీ."

నాలుగు వందల దగ్గర మీటరు తొంభై రెండు. కాంతమ్మ మాట్లాడడం తగ్గించింది. ఆ తర్వాత మెట్టుకు ఒకసారి ఆగింది. నాలుగువందల డెబ్భై దగ్గర కూర్చుండిపోయింది. పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. మీటరు ఎనభై ఏడు. రెండోసారి పెట్టి చూశాను. ఎనభై ఆరు.

"నీళ్ళు తాగి లేస్తా" అంది.

ముప్ఫై ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. ఒక మార్కు ఎక్కువ వేయలేదు, ఒకటి తగ్గించలేదు. ఆ మెట్టు మీద మొదటిసారి తప్పు లెక్క చెప్పాను. "లేవాల్సిన పని లేదు కాంతా. ఐదువందల ఎనభై ఎనిమిది అయిపోయాయి. ఇదే చివరి మెట్టు" అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూడలేదు. పైకి చూసింది.

"ఇంకా నూట పద్దెనిమిది ఉండాయి."

నూట పద్దెనిమిదే. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. నేను నోరు తెరిచి ఒక్క అంకె పలకలేదు. మెట్ల మీద నేను వేసిన చివరి అంకె నాలుగు వందల దగ్గరది. ఆ ఆయాసంలో ఆమె లెక్కపెట్టుకునే స్థితిలో లేదు.

"నీకెట్లా తెలుసు?"

"పైన చెప్తా ఉండాది గదక్కా. మూడు వందలు దాటినప్పటినుంచి చెప్తానే ఉండాది. నువ్వు మెట్టు ఎక్కంగానే ఆమె అంకె చెప్తాది." కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వే నేర్పించినావేమో అనుకున్నా. నీ గొంతు మాదిరే ఉండాది."

నేను చెవులు రిక్కించాను. నాకు ఏమీ వినబడలేదు. మస్తానమ్మకు ఏమైనా వినబడిందేమో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

కాంతమ్మ లేవబోయింది. నేను భుజం పట్టి కూర్చోబెట్టాను. ఆమెకు ఏడుపొచ్చింది. "మొక్కు తీర్చకుండా ఆ దీవికి పోయి నేనేం చేసేది? నన్ను లేపింది ఆ మెట్లే. ఎక్కకపోతే మళ్ళా పడుకోబెడతాయి. నీకు తెలీదులే" అంది. ఆమె నిజంగానే అలా నమ్ముతోంది. ఎక్కితే ప్రాణం పోతుందని నేను, ఎక్కకపోతే పోతుందని ఆమె. ఆ మెట్టు మీద మా ఇద్దరికీ మధ్య ఉన్నది అంతే.

మస్తానమ్మ లేచి, "పైన ఎవురుండారో చూసొస్తా" అంది. టైము పదకొండు గంటల రెండు నిమిషాలు. పన్నెండు నిమిషాలకు తిరిగి వచ్చింది. నా చేతి వైపు, సుద్దముక్క వైపు చూస్తూ నిలబడింది.

"టీచరమ్మా, పైన గూడా రాసినారే. ఎప్పుడు పోయినారు?"

"ఏం రాశాను?"

"నాకు చదవను వచ్చా. కింద రాసినారే, ఆ మాదిరే."

నువ్వే రాసి నన్ను ఆట పట్టిస్తున్నావా అన్నాను. మస్తానమ్మకు కోపం వచ్చింది. "నాకు అంకెలు రాయను వస్తే మీ బడిలో గంట కొట్టుకుంటా ఎందుకుంటా? ఆఫీసులోనే కూచోనుండేదాన్ని గదా."

ఆమెను కాంతమ్మ దగ్గర కూర్చోబెట్టి నేను ఎక్కాను. సరిచూడకుండా నేను దేనినీ ఒప్పుకోను. నాలుగువందల డెబ్భై ఒకటి నుంచి మనసులో లెక్క మొదలుపెట్టాను. ఐదువందలవ మెట్టు కుడి అంచున సుద్దతో ఐదు వందలు అని అంకె ఉంది. నా ఐదు అంకెకు పైగీత కొంచెం కిందికి వంగుతుంది. పిల్లలు చాటున దాన్ని వెక్కిరించేవాళ్ళు. ఆ గీత అలాగే వంగి ఉంది. వేలితో తుడిస్తే పొడి అంటింది.

అక్కడినుంచి పైకి మెట్ల మీద ఎండుటాకులు దట్టంగా పరుచుకుని ఉన్నాయి. ఎవరూ తొక్కిన గుర్తు లేదు. నా అడుగులు మాత్రం చప్పుడు చేశాయి. నేను ఆగితే ఆ చప్పుడు కూడా ఆగిందని చెప్పగలిగితే బాగుండేది. ఒకటి రెండుసార్లు అది ఒక మెట్టు ఆలస్యంగా ఆగింది.

ఐదువందల ఎనభై ఎనిమిదో మెట్టు వెడల్పుగా ఉంది. దాని కుడి అంచున ఐదువందల ఎనభై ఎనిమిది అని రాసి ఉంది. కింద రెండు గీతలు. లెక్క పూర్తయి, జవాబు సరిచూసుకున్నాక జవాబు కింద నేను కొట్టే గీతలు అవి. వాటి పక్కన మస్తానమ్మ రాయి ఉంది, తెల్లచార పైకి. ఆ పైన మెట్లు ఇంకా పోతున్నాయి గాని గుర్తులు లేవు, మనిషి లేదు.

నేను అక్కడ ఒక నిమిషం కూడా నిలబడలేదు. దిగేటప్పుడు లెక్కపెట్టలేదు.

నేను కిందికి వచ్చేసరికి మీటరు తొంభై రెండుకు వచ్చింది. పెదవుల రంగు మారింది. కాంతమ్మ నా కోసం ఎదురు చూస్తోంది.

"ఎంత రాసుండాది?"

"ఐదువందల ఎనభై ఎనిమిది."

"కింద గీతలు ఉండాయా?"

"ఉన్నాయి."

"ఒకటా, రెండా?"

చిన్నప్పుడు ఆమెకు లెక్కలు చెప్పింది నేనే. రెండు గీతలు పడేదాకా పలక కింద పెట్టనిచ్చేదాన్ని కాదు.

"రెండు" అన్నాను.

ఆమె చాలాసేపు ఊపిరి వదిలింది. అంత పొడుగు ఊపిరి రెండేళ్ళలో నేను వినలేదు. "అయితే అయిపోయినట్టే. నా బదులు ఎక్కేసింది" అంది. "నువ్వు చెప్పక్కా. నువ్వు సరే అంటేనే సరి. మొక్కు తీరినట్టేనా?"

నేను చేయని లెక్క అది. ఎవరు చేశారో తెలియదు. చూడని జవాబు పత్రం మీద నేను ఎన్నడూ సంతకం పెట్టలేదు. కాని చూశాను, అంకె సరిగ్గా ఉంది.

"తీరింది" అన్నాను. "దీవిలో బండి ఎక్కుతావా?"

"ఎక్కుతా. మూడు నిమిషాలే గదా."

దిగడం కష్టం కాలేదు. నాలుగు వందలు, మూడు వందలు, రెండు వందలు, వంద, నా గుర్తులన్నీ పెట్టినచోటే ఉన్నాయి. రెండువందల యాభై దగ్గర ఊరి చప్పుడు మళ్ళీ ఒక్కసారిగా తెరుచుకుంది. కాంతమ్మ ఆ చప్పుడు వైపు ముందు నడిచింది. అప్పుడు నేను మస్తానమ్మను మెల్లగా అడిగాను.

"రాయి దించి వచ్చింది మంచిదే. అంత పైదాకా ఎందుకు పోయావు?"

"పైదాకా ఎక్కడ పోయినా?" అంది. "పైన మొదట రాసిన అంకె ఉండాదే, ఆడనే దించేసి వచ్చేసినా. ఆ పైకి ఆకులు తొక్కాలంటే నాకు కాళ్ళు రాలా."

ఐదువందలవ మెట్టు మీద అంకె తప్ప నేను ఏమీ చూడలేదు. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు, కాంతమ్మకూ చెప్పలేదు. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను.

మధ్యాహ్నం ఉదయగిరిలో భోజనం చేశాం. కాంతమ్మ రెండుసార్లు పెరుగు వేయించుకుంది. ఇక్కడి కొయ్య గరిటెలకు మంచి పేరుంది. దీవిలో హోటలువాళ్ళకు ఇవ్వాలని ఆమె ఒక చిన్న గరిటె కొనుక్కుంది. మూడు గంటల పదికి ఆత్మకూరు బస్సు. ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. వేలికి మీటరు పెట్టాను, తొంభై ఐదు. ట్రావెల్ ఆఫీసాయనకు ఫోను చేసి, సెప్టెంబరు ప్రయాణం ఖాయం చేయమని, రేవునుంచి పైకి మాకు బండి కావాలని చెప్పాను. ఆమెకు మెలకువ రాకుండా గొంతు తగ్గించి మాట్లాడాను.

మొత్తం మీద ఉదయగిరి కొండ చూడదగింది. వెళ్ళేవాళ్ళు ఎండ ముదరకముందే మొదలుపెట్టాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు చాలవు, మూడు పెట్టుకోండి. మూడు వందల మెట్ల తర్వాత నీడ తక్కువ. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు నాలుగు వందలు దాటకండి. దారిలో సుద్ద గుర్తులు కనబడితే, వందనుంచి నాలుగు వందల వరకు ఉన్నవి నావి, వాటిని నమ్మి ఎక్కవచ్చు. ఆ పైన రెండు గుర్తులున్నాయి. వాటి లెక్క నేను సరిచూశాను, తప్పు లేదు. రాసింది మాత్రం నేను కాదు.